సవరణ: కోఠి రెసిడెన్సీలో కాలేజీ ఎప్పటి నుంచి?

హైదరాబాదులోని కోఠి రెసిడెన్సీ గురించి నేను రాసిన పోస్టులో ‘1924 నుంచీ ఆడపిల్లల కాలేజీ ఈ భవనంలోనే ఉంది’ అని వచ్చింది. అది తప్పు. 1924 ఆ కాలేజీ, అంటే కోఠి ఉమెన్స్ కాలేజీ, పుట్టిన ఏడాది. రెసిడెన్సీలోకి వచ్చింది 1949లో. 1947 దాకా ఆ భవనం బ్రిటిష్ రెసిడెంటు (నిజాం దర్బారులో బ్రిటిష్ వారి ప్రతినిధి) నివాసం, అక్కడ తరగతులు నడిచే ప్రశ్నే లేదు. కట్టించింది అప్పటి రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, 1803 ప్రాంతంలో. ఖర్చు మాత్రం నిజాంది!

ఇంకో మాట. ‘తరగతులు పెట్టబట్టే భవనం పాడైంది, ఖాళీ చేయించాల్సింది’ అని నేనన్నట్టు కొందరు అర్థం చేసుకున్నారు. నా ఉద్దేశం అది కాదు. వాడకం వల్ల అరుగుదల ఉంటుంది, నిజమే. దర్బారు హాలు ఉన్న భవనంలో బెంచీలు వేసి పాఠాలు చెబితే ఆ మాత్రం తప్పదు. కానీ తాళం వేసి వదిలేసిన పాత కట్టడాల గతి మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. పైకప్పు కారుతోందని చెప్పడానికైనా లోపల మనుషులుండాలి కదా. మెట్లకు అటూ ఇటూ కూర్చున్న రాతి సింహాలు, పైభాగాన ఆకుల చెక్కడాలున్న ఎత్తైన కొరింథియన్ స్తంభాలు ఎన్నో తరాల అమ్మాయిలకు ‘మా కాలేజీ’ గుర్తులయ్యాయి. పాత కట్టడాలను కాపాడే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తోడ్పాటుతో మరమ్మతులు జరిగాయి.

కాలేజీ 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో ఉంది. పాత పోస్టులో ‘కోఠి ఉమెన్స్ కాలేజీ’ అన్నచోటల్లా అలా చదువుకోగలరు.