పోలింగ్ ముందు రాత్రి బిట్‌కాయిన్ ఎందుకు పనికిరాదు

ఎవడూ ఆపలేని పేమెంట్ ఏది, క్యాషా క్రిప్టోనా అని కుర్రాళ్లు రాత్రంతా వాదించుకుంటున్నారు గానీ ఈ సబ్జెక్టు మీద అసలు రీసెర్చ్ మన రెండు రాష్ట్రాల్లో ఐదేళ్లకోసారి బహిరంగంగానే జరుగుతోంది, పట్టించుకునే నాథుడే లేడు.

ఎన్నికల కోడ్ వచ్చిందంటే ఎక్కడికక్కడ చెక్‌పోస్టులు, ఫ్లయింగ్ స్క్వాడ్లు, చేతిలో 50 వేలు దాటితే కాగితాలు చూపించాలి. కూతురి పెళ్లికి బంగారం కొందామని బయల్దేరినాయన దొరికిపోతాడు, మిర్చి అమ్ముకుని ఇంటికెళ్లే రైతు దొరికిపోతాడు. పోలింగ్ ముందు రాత్రి కవర్లు మాత్రం ఓటరు లిస్టు పట్టుకుని మరీ ఇంటింటికీ చేరిపోతాయి. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడైతే మాకు కవర్ రాలేదని జనం రోడ్డెక్కి ధర్నా చేశారు, అంటే పేమెంట్ ఫెయిలైతే కంప్లైంట్ ఇచ్చుకునే సౌకర్యం కూడా ఉందన్నమాట. ఏ యాప్‌కుందండీ ఇంత సర్వీసు?

అదే బిట్‌కాయిన్‌లో పంచాలంటే బూత్ ఇన్‌చార్జి మొదట మామ్మ చేత ఆవిడ వాలెట్‌కి, అంటే క్రిప్టో ఖాతాకి, తాళంచెవి లాంటి 12 ఇంగ్లీషు మాటలు రాయించి ఎవరికీ చెప్పకే అనాలి, ఆవిడ ఆ చీటీ పోపుల డబ్బాలో పడేసి మర్చిపోతుంది, పోనీ గుర్తున్నా రూపాయల్లోకి మార్చుకుందామని ఎక్స్‌ఛేంజ్‌కెళ్తే పాన్ అడుగుతారు, సెల్ఫీ అడుగుతారు, అమ్మితే 1 శాతం టీడీఎస్, లాభమొస్తే 30 శాతం టాక్సు. పైగా బ్లాక్‌చెయిన్‌లో, అంటే బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ రాసుండే బహిరంగ చిట్టాలో, పడిన లెక్క చెరగదు, ఏ వాలెట్ నుంచి ఏ వాలెట్‌కెళ్లిందో ఎప్పుడైనా ఎవడైనా చూసుకోవచ్చు. మన నాయకులు కోరుకునే పారదర్శకత అంత ఎక్కువ మోతాదులో కాదు.

క్రిప్టో వాళ్లకీ ఒక మార్కు వేద్దాం లెండి. 2010లో వీసా, మాస్టర్‌కార్డ్, పేపాల్ కలిసి ప్రభుత్వాల రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్‌కి తలుపులేసేస్తే మరుసటేడు బిట్‌కాయిన్‌లోనే విరాళాలు తీసుకుంది, సముద్రాల అవతలికి నోట్ల కట్టలు పంపలేం కదా.

క్యాష్‌ని సర్కారు ఒక్క ప్రసంగంతో చంపేయగలదు అంటారా? 2016 నవంబర్ 8 రాత్రి 8 గంటలకి ఆ ముచ్చటా తీరింది, చలామణిలో ఉన్న సొమ్ములో 86 శాతం చిత్తు కాగితాలైపోయింది, సామాన్యుడు ఏటీఎం ముందు నిలబడి కళ్లు తిరిగి పడ్డాడు. తీరా చూస్తే ఆ నోట్లలో 99.3 శాతం బ్యాంకులకి తిరిగొచ్చేశాయని రిజర్వ్ బ్యాంకే లెక్క చెప్పింది. నల్లధనం అంత బుద్ధిగా క్యూలో నిలబడిందని నమ్మాలి మనం.

కాబట్టి ఎన్నికల సంఘానికి నా మనవి, వచ్చే ఉప ఎన్నికలో ఒక్క బూత్ క్రిప్టో కుర్రాళ్లకి అప్పగించి చూడండి. తెల్లారేసరికి రేటు పడిపోయి జనం ధర్నాకి దిగితే టెంట్ హౌస్ వాడికి అడ్వాన్సు మాత్రం నోట్లలోనే ఇవ్వాలి, వాడు ఫోన్‌పే కూడా తీసుకోడు.