ప్రేయర్ బెల్ కొట్టాక రెండు నిమిషాలు పిల్లలకు వదిలేయండి

మా కడప జిల్లాలో ఏ సర్కారు బడికి వెళ్లినా పొద్దున జరిగే అసెంబ్లీని ‘ప్రేయర్’ అనే అంటారు. ప్రేయర్ బెల్, ప్రేయర్‌కు లేటు, ప్రేయర్‌లో మాట్లాడినందుకు దెబ్బలు. పేరేమో ప్రార్థన. పిల్లలు తమంతట తాము ప్రార్థించుకునే నిమిషం మాత్రం అందులో ఒక్కటీ లేదు. మైకులో పాట, ప్రతిజ్ఞ, వార్తలు, హెడ్మాస్టర్ గారి హెచ్చరికలు, ఆపైన వరుసగా క్లాసుల్లోకి.

పాట పాడించడం మానేసి రెండు నిమిషాలు మౌనం ఇవ్వండి. వెంకన్నను తలుచుకునే పిల్ల తలుచుకుంటుంది. దువా చేసుకునేవాడు చేసుకుంటాడు. యేసు ప్రభువును పిలిచేవాళ్లు పిలుచుకుంటారు. ఏ దేవుడూ అక్కర్లేని పిల్లవాడు ఊరికే వేపచెట్టును చూస్తూ నిలబడతాడు.

నేను ఏడో తరగతిలో ఉండగా నా పక్క వరుసలో ఒక దూదేకుల ముస్లిం అబ్బాయి నిలబడేవాడు. మంచి గొంతు. పాటలో దేవుడి పేరున్న చరణం వచ్చేసరికి పెదవులు మూసేవాడు, అది దాటగానే మళ్లీ అందుకునేవాడు. ఒకరోజు ఒక సారు కనిపెట్టి, వాణ్ని అందరి ముందుకూ పిలిచి ఆ చరణమొక్కటే మూడుసార్లు పాడించాడు. కుడికాలి బొటనవేలితో ఇసుకలో గీతలు గీస్తూ పాడాడు వాడు. ఆ ఏడాది ఇక ఏ పాటకూ నోరు విప్పలేదు. ఆ సారు చెడ్డవాడేం కాదు, లెక్కలు ఆయనంత బాగా చెప్పినవాళ్లను నేను చూడలేదు. ఆ ఉదయాన్ని మాత్రం ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను.

రాజ్యాంగం 28వ అధికరణం తెలిసిందే. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధన కూడదు. కేంద్రీయ విద్యాలయాల ప్రార్థన మీద వచ్చిన కేసును 2019 జనవరిలో సుప్రీంకోర్టు పెద్ద బెంచ్‌కు పంపింది. నాకు అంతకంటే 1986 నాటి తీర్పు ముఖ్యం. కేరళలో జాతీయగీతం పాడకుండా గౌరవంగా నిలబడిన ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేస్తే, వెనక్కి చేర్చుకోమన్నది సుప్రీంకోర్టు. ఆ తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఒ. చిన్నపరెడ్డి. జాతీయగీతం విషయంలోనే పిల్లల మనస్సాక్షికి అంత విలువ ఇచ్చినప్పుడు, ప్రార్థన పాట దగ్గర ఎందుకివ్వం?

మౌనం పేరుతో దొడ్డిదారిన మతాన్ని తెస్తారని కొందరి భయం. అది ఉత్త భయం కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రం బడుల్లో మౌనం పాటించే చట్టంలో ‘స్వచ్ఛంద ప్రార్థన’ అన్న మాట చేరిస్తే, ఉద్దేశం మతమేనని 1985లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. అందుకే మన ఉత్తర్వులో ప్రార్థన అన్న మాటే రాకూడదు. ఎన్నాళ్ల నుంచో పాడుతున్న పాట ఎవరికి అడ్డమనే వాళ్లకు ఆ దూదేకుల అబ్బాయి సంగతి చెప్పాను.

అసలు ఈ సీమలో భక్తి బెల్ కొట్టి నేర్పితే వచ్చింది కాదు. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు టెంకాయలు పట్టుకుని వస్తారు. కడప పెద్ద దర్గాకు హిందువులు పోతారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల ముందు అన్ని కులాలవాళ్లూ మొక్కుతారు. బ్రహ్మంగారికి ముఖ్య శిష్యుడు దూదేకుల సిద్దయ్య. వీళ్లలో ఎవరినీ ఎవరూ వరుసలో నిలబెట్టలేదు.

దేవుడి మాట అటుంచితే, పిల్లలకు తమదంటూ సమయమే లేకుండా చేశాం. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ట్యూషన్, హోంవర్క్, టెస్టులు, ర్యాంకుల టెన్షన్, మిగిలిన కాస్తా ఫోను. కోసిగి, ఆదోని వైపు చూడండి. పత్తికీ మిరపకోతకూ తల్లిదండ్రులు గుంటూరు దిక్కు వలసపోతే పిల్ల అవ్వ దగ్గర ఉండిపోతుంది. తమ్ముడికి అన్నం పెట్టి, బిందె నీళ్లు తెచ్చి, పరుగెత్తుకుంటూ బడికి వస్తుంది. అమ్మ ఫోన్ రాత్రి ఎనిమిదికి గానీ రాదు. పొద్దున వరుసలో నిలబడినప్పుడు ఆ పిల్ల మనసులో ఏముండాలో మైకు పట్టుకుని మనం నిర్ణయిస్తున్నాం.

2018లో ఢిల్లీ సర్కారు బడుల్లో హ్యాపీనెస్ పీరియడ్ పెట్టి పిల్లల్ని నిశ్శబ్దంగా కూర్చోబెట్టారు. మనకు పీరియడ్ కూడా అక్కర్లేదు. జూన్‌లో బడి తెరిచిన రోజే మొదలుపెట్టవచ్చు. మైకు ఆపాలి. సార్లూ మేడమ్‌లూ పిల్లలతో పాటే నిలబడాలి. కళ్లు మూసుకున్నారా లేదా అని వరుసల మధ్య తిరగకూడదు. ఏం తలుచుకున్నావని ఏ పిల్లనూ అడగకూడదు.