గడువు మారిందని ఎవరు చెప్పాలి?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటూ ఆన్‌లైన్‌లో కంప్యూటర్ తొలి పాఠాలు చెప్పే ఇద్దరి వాదన ఇది. మావయ్య ఇరవై ఏళ్ళకు పైగా పాఠం చెప్పినవాడు. మేనకోడలు అదే కోర్సులో పిల్లల సందేహాలు తీర్చే పని చూస్తుంది. ఇద్దరినీ నేనే కల్పించాను, వాళ్ళ మాటలు మాత్రం చాలావరకు మా వైపు విన్నవే. నేను మేనకోడలి పక్షం. అలాగని మావయ్య నోరు కట్టేసి ఆమెను గెలిపిస్తే ఆ గెలుపు ఎందుకూ పనికిరాదు. అందుకే ఆయన్ని మాట్లాడనిచ్చాను.

గొడవ ఇలా మొదలైంది. నాలుగో వారం అసైన్‌మెంట్ గడువు ఆదివారం రాత్రి. దాన్ని శుక్రవారం రాత్రికి మార్చి, ఆ సంగతి కోర్సు పేజీలో ఒక్కచోటే పెట్టారు. తొమ్మిదిమంది చూసుకోలేదు. వాళ్ళలో నలుగురు గుమ్మా, సెరంగో వైపు కొండ ఊళ్ళ పిల్లలు.

మావయ్య: తొమ్మిదిమంది చూసుకోలేదంటున్నావు, మిగతావాళ్ళు చూసుకున్నారు కదమ్మా. పేజీ అందరికీ ఒకటే. తేదీ ఎర్ర రంగులో పెట్టాను.

మేనకోడలు: పెట్టారు మావయ్యా. కానీ మళ్ళీ వెళ్ళి చూడాలని వాళ్ళకెలా తెలుస్తుంది? ఆదివారం అని మొదటి వారంలో మనమే చెప్పాం. మన మాట నమ్మి కూర్చున్నవాళ్ళే నష్టపోయారు.

మావయ్య: రోజుకొకసారి లాగిన్ అయి చూసుకోవాలి. కాలేజీకి వెళ్ళేవాడు నోటీసు బోర్డు చూడడా?

మేనకోడలు: కాలేజీలో ఉన్నది బోర్డు ఒక్కటేనా? అటెండరు నోటీసు పుస్తకం పట్టుకుని క్లాసుకొస్తాడు, మేష్టారు చదివి వినిపించి సంతకం పెడతారు. రానివాడికి పక్క బెంచీవాడు చెబుతాడు. సైకిలు స్టాండు దగ్గర ఇంకొకడు అడుగుతాడు, “ఒరే, శుక్రవారమంట, రాశావా?” అని. ఆన్‌లైన్ అనగానే ఆ దారులన్నీ మూసేసి బోర్డు ఒక్కటి మిగిల్చాం. పైగా ఆ కొండ పిల్లల సంగతి మీకు తెలుసు. ఊళ్ళో సిగ్నల్ ఉండదు. సాయంత్రం సిగ్నల్ అందే మలుపు దాకా నడిచి, పాఠం డౌన్‌లోడ్ చేసుకుని, ఇంటికొచ్చి చూస్తారు. వాళ్ళ ఫోన్లో దించుకున్న పాత పేజీలో ఇంకా ఆదివారమనే ఉంది. కాష్‌లో, అంటే త్వరగా అందేలా దగ్గర దాచుకున్న చోట, పాత ప్రతి ఉంటే అసలు ప్రతి మారినట్టు తెలియదని రెండో వారంలో మీరే పాఠం చెప్పారు.

మావయ్య: ఆ పాఠం బాగానే గుర్తుంది నీకు. మరి ఆ పక్కనే చెప్పిన ఇంటరప్ట్ పాఠం కూడా గుర్తు చేసుకో. కీబోర్డు మీద మీట నొక్కితే ప్రాసెసర్‌కు కబురు వెళుతుంది, చేస్తున్న పని ఆపి అటు చూస్తుంది. అది మంచి పద్ధతే. అయితే కబుర్లు మరీ ఎక్కువైతే ఏమవుతుంది? కబుర్లు అందుకోవడమే సరిపోతుంది, అసలు పని ముందుకు సాగదు. అందుకే నెట్‌వర్క్ కార్డు నుంచి డేటా ప్యాకెట్లు వరదలా వస్తే, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ఇంటరప్టులను, అంటే ఆ కబుర్లను, కాసేపు ఆపేసి, తనకు వీలున్నప్పుడు తానే వెళ్ళి తీసుకుంటుంది. నేను పిల్లల్ని చేయమంటున్నదీ అదే. నువ్వు మొదటి నెలలో ఆ వాట్సాప్ గ్రూపులో ఎన్ని పంపావో లెక్కపెట్టాను. నలభై ఒకటి! పాఠం ఎక్కించాం, క్విజ్ తెరిచాం, ఇంకా రెండు రోజులుంది, ఇంకా ఒక్కరోజే ఉంది, దయచేసి గమనించగలరు... సగంమంది గ్రూపును మ్యూట్‌లో పెట్టేశారు. అసలు కబురు వచ్చినా వాళ్ళకు వినబడదిక.

మేనకోడలు: అది నా తప్పే. నలభై ఒకటి పంపకూడదు. కానీ మీరు సున్నా పంపారు.

మావయ్య: ఇంకా చెప్పనీ. ఆ గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరి నంబరూ అందరికీ కనబడుతుంది. పోయిన ఏడాది ఒక అమ్మాయి నంబరు అప్పటి గ్రూపులోంచే తీసుకుని ఎవడో రాత్రిళ్ళు ఫోన్లు చేశాడు. ఇంట్లో వాళ్ళు ఆ పిల్లను కోర్సే మాన్పించేశారు. గడువు తెలియక ఒక అసైన్‌మెంట్ పోవడం, గడువు తెలియజేసే గ్రూపు వల్ల ఒక పిల్ల చదువే పోవడం, ఈ రెండూ ఒకే తక్కెట్లో పెట్టి తూచు.

(ఈ మాటకు ఆమె దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆ అమ్మాయి తిరిగి రాలేదు.)

మేనకోడలు: గ్రూపు తీసేద్దాం మావయ్యా, ఇవాళే. ఒకరి నంబరు ఒకరికి కనబడని ఛానెల్ పెడదాం. ఫోన్లో వాట్సాప్ లేనివాళ్ళకు ఎస్సెమ్మెస్. ముందే చేయాల్సింది.

మావయ్య: దానికంటే మంచి మార్గం ఒకటుంది. వెసులుబాటు రూల్లోనే పెట్టేస్తే కబుర్లే అక్కర్లేదు. ఎన్‌పీటెల్ పన్నెండు వారాల కోర్సు చూడు, ఐఐటీలవాళ్ళు ఆన్‌లైన్‌లో నడిపేది. 12 అసైన్‌మెంట్లలో ఎక్కువ మార్కులొచ్చిన 8 మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. సిగ్నల్ లేక ఒకటి పోయింది, జ్వరమొచ్చి ఇంకొకటి పోయింది, ఫరవాలేదు. ఎవడూ ఎవడినీ బతిమాలక్కర్లేదు. పిల్లాడి వెంటపడి చెప్పడం కన్నా, పొరపాటు పడినా మునిగిపోకుండా చూడటం గౌరవం కదా?

మేనకోడలు: ఇది మాత్రం నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను, మన కోర్సులోనూ పెడదాం. కానీ అదే ఎన్‌పీటెల్‌లో కోర్సులో చేరడం వేరు, పరీక్షకు నమోదు కావడం వేరు. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. పరీక్షకు విడిగా రుసుం కట్టి పేరు ఇవ్వాలి, కేంద్రానికి వెళ్ళి రాయాలి. పన్నెండు అసైన్‌మెంట్లూ రాసినవాడు ఆ నమోదు తేదీ దాటిపోయిందని తర్వాత తెలుసుకుంటే ఏ వెసులుబాటు కాపాడుతుంది? పోతే పోనిమ్మనే కబురు ఉంటుంది, పోతే తిరిగిరాని కబురూ ఉంటుంది. మీరు చెప్పిన ఇంటరప్టుల్లోనే అన్నీ ఒకటి కాదు కదా. కొన్నింటిని ప్రాసెసర్ పక్కకు పెట్టగలదు, కొన్నింటిని పెట్టలేదు. ఆ రెండో రకం మాత్రమే ఫోన్ దాకా వెళ్ళాలి. పాఠం ఎక్కించామన్నది పేజీలో ఉంటే చాలు.

మావయ్య: ఏది ఏ రకమో ఎవరు చెబుతారు?

మేనకోడలు: అది తెలిశాక పిల్లవాడు రేపు చేయబోయే పని మారుతుందా అని అడుగుదాం. మారితే పంపాలి, మారకపోతే వద్దు. పంపినప్పుడు పాత తేదీ, కొత్త తేదీ రెండూ చెప్పాలి. ‘గడువు శుక్రవారం’ అని మాత్రమే రాస్తే, ఆదివారమని గుర్తున్నవాడు అది ఇంకో అసైన్‌మెంట్ అనుకుంటాడు. ఈసారి నిజంగా ఇద్దరు అలాగే అనుకున్నారు. ఇప్పటికే పంపేసినవాళ్ళు మళ్ళీ పంపాలా వద్దా అన్నదీ రాయాలి. లేకపోతే అదే ప్రశ్న ఇరవైమంది అడుగుతారు, ఇరవైమందికి నేను జవాబు రాస్తాను. ఇంకో సంగతి, మీరు ‘శుక్రవారం రాత్రి 12 లోపు’ అని రాశారు. ఏ 12? గురువారం నిద్రపోయాక వచ్చే 12 కూడా గడియారం లెక్కన శుక్రవారమే. మనిళ్ళల్లో తెల్లారితే గానీ రోజు మారదు, పంచాంగమూ అలాగే లెక్కిస్తుంది, కంప్యూటర్ మాత్రం అర్ధరాత్రికే మార్చేస్తుంది. రాత్రి 11:59 అంటే ఈ తంటా లేదు. పైగా మీరు లింకు ఇచ్చిన ప్రోగ్రాముల అభ్యాసం సైటు గడువును యూటీసీలో, అంటే మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో, చూపిస్తోంది. అక్కడ 23:59 అంటే మనకు మర్నాడు ఉదయం 5:29. మీ మాట ఒకటి, ఆ సైటు మాట ఇంకొకటి, పిల్లలు దించుకున్న పాత పేజీలో ఆదివారం. మూడు చోట్ల మూడు గడువులు పెట్టి, జాగ్రత్తగా ఉండమని పదిహేడేళ్ళ పిల్లలకు చెబుతున్నాం.

మావయ్య: సరే, పంపావే అనుకో. ఏ భాషలో పంపుతావు? పాఠం ఇంగ్లీషు, ప్రోగ్రామ్ ఇంగ్లీషు. కబురు కూడా ఇంగ్లీషులోనే ఉండాలి. రేపు ఉద్యోగంలో వచ్చే మెయిల్ ఎవడు తెలుగులో రాస్తాడు?

మేనకోడలు: పాఠం అర్థం కాకపోతే రెండోసారి చూస్తాడు. కబురు రెండోసారి చదవడు. మొదటిసారే ఎక్కాలి. గిడుగు రామమూర్తి గారు పాఠం చెప్పిన ఊరు మావయ్యా ఇది. రాజావారి బడిలో ఉద్యోగం చేస్తూనే ఈ కొండల్లోని సవరల మాట నేర్చుకుని, వాళ్ళ భాషలో వాచకాలు తయారుచేసిన మనిషి. ఆ ఊళ్ళో కూర్చుని మీరా ఈ మాట అనేది?

మావయ్య: ఆయన పేరు తీస్తే నేను ఒప్పేసుకుంటానని! 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. మన తాతలు ఉండిపోయారు. ఉండిపోయినవాళ్ళకు ఒడియా కావాలి, ఇంగ్లీషు కావాలి. మన వీధిలో పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, నిజమే. తెలుగు లిపి ఎంతమంది చదవగలరో పిలిచి అడుగు! నీ తెలుగు నోటీసు వాళ్ళకు బొమ్మతో సమానం. పోనీ ఎస్సెమ్మెస్ అన్నావు. ఇంగ్లీషు అక్షరాల్లో 160 పడతాయి. తెలుగు లిపికి యూనికోడ్ అనే సంకేత పద్ధతి కావాలి, అందులో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 సంకేతాలతో సరి. ‘క్ష’ ఒక్కటే మూడు తినేస్తుంది. ఇక సవర పిల్లల సంగతి? 1936లోనే మంగేయ్ గొమాంగ్ వాళ్ళకు సొరంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. అందులో రాస్తావా?

మేనకోడలు: రాయలేను, నాకు రాదు. లిపి సంగతి మీరన్నది నిజం. నేను దాని గురించి ఆలోచించనే లేదు.

మావయ్య: ఇంట్లో మాట్లాడే భాష పుస్తకంలో చూస్తే గుర్తుపట్టలేని పిల్లలు, తల్లీ. నా విద్యార్థులే. నా మనవడూ అంతే.

మేనకోడలు: దానికి మీరు బాధపడుతున్నారని నాకు తెలుసు. కానీ ఆ బాధ కబురు ఆపేయడానికి కారణం కాకూడదు. వాళ్ళు ఒకరికొకరు ఎలా రాసుకుంటున్నారో చూడండి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. నాకూ నచ్చదు. అయినా 160లో పడుతుంది, చదవగానే ఎక్కుతుంది. దాని కింద ఒక వరుస ఒడియా మాటలు, అవీ అదే అక్షరాల్లో. ఛానెల్‌లో అరనిమిషం గొంతు కబురు, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. సవరలో చెప్పడానికి ఆ నలుగురు పిల్లల్లోనే ఒకరిని అడుగుదాం. గొంతు కబురుకు లిపి గొడవ లేదు, డేటా కూడా వీడియోకు అయినంత కాదు.

మావయ్య: అయినా నా భయం పోలేదమ్మా. ఈ కోర్సు అయ్యాక ఈ పిల్లలు వేరే కోర్సులో చేరతారు. అక్కడ గొంతు కబురు పెట్టే మేనకోడలు ఉండదు. కార్యక్రమ పట్టిక తానే తెరిచి, తేదీలు రాసుకుని, మారాయేమోనని మళ్ళీ చూసుకోవడం రావాలి. మొదటి కోర్సులో అది నేర్పకపోతే ఎప్పుడు నేర్పుతాం?

మేనకోడలు: నేర్పుదాం. నేర్పడం వేరు, నేర్చుకోలేదని శిక్షించడం వేరు. మొదటి వారంలో పైథాన్ ప్రోగ్రామింగ్ ముట్టుకోకముందే ఒక పని ఇద్దాం. పేజీ తెరిచి మూడు తేదీలు ఫోన్ క్యాలెండర్‌లో ఎక్కించి చూపించాలి, దానికి మార్కులు. రెండో వారం మనమే ఒక తేదీ కావాలని మారుద్దాం, మార్కుల నష్టం లేని తేదీ. ఎవరు పట్టుకున్నారో చూద్దాం. మొదటి నెల ప్రతి మార్పూ ఫోన్‌కు, రెండో నెల నుంచి పెద్దవి మాత్రమే. అలా వదిలేద్దాం, సైకిలు వెనక పట్టుకున్న చెయ్యి వదిలినట్టు. మీరు నాకు సైకిలు నేర్పినప్పుడు మహేంద్రతనయ వంతెన దాకా పరిగెత్తారు, గుర్తుందా? మొదటిరోజే వదిలెయ్యలేదు.

మావయ్య: మొదటిరోజు రెండుసార్లు పడ్డావు కూడా.

మేనకోడలు: పడ్డాను. మీరు పక్కనే ఉన్నారు. ఇంకొక్క రూల్ కావాలి నాకు. గడువు పెంచాలంటే ఎప్పుడైనా పెంచుదాం. తగ్గించడం మాత్రం ఒకసారి చెప్పాక ఇక లేదు. పెంచిన సంగతి తెలియనివాడు ముందే పంపేస్తాడు, వాడికి నష్టం లేదు. తగ్గించిన సంగతి తెలియనివాడు మునుగుతాడు. ఈసారి మీరు శుక్రవారానికి ఎందుకు లాగారు?

మావయ్య: శని, ఆదివారాల్లో దిద్దేసి సోమవారం మార్కులు ఇద్దామని. ఆలస్యం చేస్తున్నామని వాళ్ళే ఫిర్యాదు చేశారు.

మేనకోడలు: ఆ మాట కూడా ఎక్కడా రాయలేదు మావయ్యా. వాళ్ళ కోసమే చేశారని వాళ్ళకే తెలియదు.

మావయ్య: (కొంతసేపటికి) ఆ తొమ్మిదిమందికీ అసైన్‌మెంట్ మళ్ళీ తెరుస్తాను. 48 గంటలు. ఇప్పుడే పేజీలో పెట్టేస్తాను.

మేనకోడలు: పేజీలోనా!

మావయ్య: సరే, సరే. ముందు నువ్వు ఫోన్లు చెయ్యి. తర్వాత పెడతాను.

మేనకోడలు: అయిదుగురు ఇప్పుడే దొరుకుతారు. కొండ మీద నలుగురు సాయంత్రం ఆ మలుపు దగ్గరికి వస్తే గానీ దొరకరు. ఇవాళ వాన పడితే రేపే.

మావయ్య: అయితే 48 గంటలు నేను తెరిచినప్పటి నుంచి కాదు. వాళ్ళు నీ ఫోన్ ఎత్తిన గంట రాసిపెట్టు, అక్కడి నుంచి లెక్కపెడతాను.