సవరణ: నెలలు నిండినా బిడ్డ కదలికలు తగ్గకూడదు

"తొమ్మిదో నెలలో కడుపులో చోటు చాలక బిడ్డ కదలికలు తగ్గుతాయి, టెన్షన్ వద్దు" అని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. ప్రసూతి వైద్యుల మార్గదర్శకాల ప్రకారం కదిలే తీరు మారొచ్చు గానీ, కాన్పు దాకా కదలికలు తగ్గకూడదు.

28 వారాలు దాటాక అనుమానం వస్తే ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెట్టండి. 2 గంటల్లో 10 కదలికలు తెలియకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పది వచ్చినా, రోజూలా లేదనిపిస్తే అప్పుడూ వెళ్లాలి. ఆ అంకె కంటే తల్లికి తెలిసిన తేడాయే ముఖ్యం. పొద్దున్న ఆశా వచ్చాక అడుగుదాంలే అని రాత్రంతా ఆగొద్దు.

విజయనగరంలో ఘోషా ఆసుపత్రి, శ్రీకాకుళంలో రిమ్స్ ఉన్నాయి. దూరపు పల్లెల వాళ్లు 108కి ఫోన్ చేయండి. పాత పోస్టును షేర్ చేసినవాళ్లు దయచేసి తీసేయండి.