సవరణ: సెవెన్ ఓక్స్ ఘర్షణ గురించి

కెనడా బొచ్చుతోళ్ల వ్యాపారంపై నా గత పోస్టులో రెండు తప్పులున్నాయి, క్షమించండి.

1816 జూన్ 19న, ఇప్పటి విన్నిపెగ్ దగ్గరి సెవెన్ ఓక్స్‌లో, హడ్సన్స్ బే కంపెనీ గవర్నర్ రాబర్ట్ సెంపుల్‌నీ, ఆయనతో ఉన్న సుమారు ఇరవై మందినీ చంపినవాళ్లు ఆ కంపెనీకి బొచ్చుతోళ్ల వ్యాపారంలో పోటీదారైన నార్త్ వెస్ట్ కంపెనీ కిరాయి సైనికులని రాశాను. కాదు. వాళ్లలో ఎక్కువమంది నాయకుడు కత్‌బర్ట్ గ్రాంట్ వెంట వచ్చిన మేటీలు, అంటే అక్కడి మూలవాసులకూ యూరోపియన్లకూ పుట్టిన సంతతివాళ్లు. నార్త్ వెస్ట్ కంపెనీ వైపు ఉన్నమాట నిజమే, కానీ వాళ్ల గోడు వేరు. 1814లో, హడ్సన్స్ బే కంపెనీ భూమిలో వెలసిన రెడ్ రివర్ కాలనీ గవర్నర్ మైల్స్ మక్‌డొనెల్ పెమికన్‌ని బయటికి పంపకూడదని ఆంక్ష పెట్టాడు. బైసన్ ఎండుమాంసాన్ని దంచి, కొవ్వు కలిపి చేసే ఆ తిండి మేటీలకు బతుకుతెరువు; పడవలు నడిపేవాళ్లకు దారిబత్తెం. ఈ సంగతి వదిలేయడం వాళ్లకు అన్యాయం చేయడమే.

ఇక నార్త్ వెస్ట్ కంపెనీ మూతపడింది 1816లో కాదు. 1821లో హడ్సన్స్ బేలో విలీనమైంది.