మరిగితే పోయేవి, మరిగినా పోనివి

"నీళ్లు 20 నిమిషాలు మరిగిస్తే కెమికల్స్ అన్నీ ఆవిరైపోతాయి. పసిపిల్లల పాలపొడికి ఇవే శ్రేష్ఠం. పటిక తిప్పితే మిగిలిన విషం అడుక్కి దిగుతుంది. నిమ్మరసం సీసాన్ని విరగ్గొడుతుంది. చేపలు బతికే నీళ్లు మనకూ మంచివే." చివర దండం బొమ్మ. ఈ మెసేజ్ పంపేవాళ్లలో చదువుకున్న మిత్రులే ఎక్కువ, అదీ బాధ.

నిమ్మరసం సంగతి: సీసం (లెడ్) మూలకం, విరగడానికి అందులో ఏమీ లేదు. పైగా నీరు పుల్లబడేకొద్దీ పాత పైపుల్లోంచి సీసం ఇంకా కరుగుతుంది. పటిక బురదను దించుతుంది, నీటిలో కరిగి ఉండే నైట్రేటు అనే లవణాన్ని దించదు. ఈ రెండూ అయిపోయాయి.

కొంప ముంచేది పాలపొడి ముక్క. లీటరుకు 60 మిల్లీగ్రాముల నైట్రేటున్న బోరు నీళ్లు 5 లీటర్లు పొయ్యి మీద పెట్టారనుకోండి. మొత్తం 300 మిల్లీగ్రాములు. మరిగి మరిగి 4 లీటర్లయ్యాయి. పోయింది నీరే, నైట్రేటు గిన్నెలోనే ఉంది. ఇప్పుడు లీటరుకు 75. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 50. శుద్ధి చేశామనుకుంటూ కషాయం కాచామన్నమాట! ఫ్లోరైడు, ఆర్సెనిక్‌లదీ ఇదే లెక్క.

ఆరు నెలల లోపు బిడ్డ పొట్టలో ఆమ్లం తక్కువ. అక్కడ పెరిగే బాక్టీరియా నైట్రేటును నైట్రైటుగా మారుస్తుంది. ఆ నైట్రైటు రక్తంలో చేరి హిమోగ్లోబిన్‌లోని ఇనుమును మార్చేస్తే, ఆ హిమోగ్లోబిన్ ఇక ఆక్సిజన్ మొయ్యదు. దాన్ని తిరిగి బాగుచేసే ఎంజైము ఆ వయసులో పెద్దవాళ్లకున్నంత ఉండదు. పెదాలు, గోళ్లు నీలంగా మారతాయి. అప్పుడు ఫోన్‌లో చిట్కాలు వెతక్కుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. బోరు నీటికి ముందే నైట్రేటు పరీక్ష చేయించాలి. హద్దు దాటితే ఆర్‌ఓ గానీ, నైట్రేటును పట్టుకుని బదులుగా వేరే అయాన్‌ను వదిలే అయాన్ ఎక్స్ఛేంజ్ పరికరం గానీ పెట్టుకుని, వడకట్టిన నీటినీ మళ్లీ పరీక్షించాలి. ఒట్టి కార్బన్ ఫిల్టరు నైట్రేటును ఆపదు.

మరిగించడం దండగ అనడం లేదు. క్రిములు చస్తాయి, దానికి బుడబుడా ఒక్క నిమిషం మరిగితే చాలు. క్లోరిన్ కలిపిన నీటిలో పుట్టే క్లోరోఫాం లాంటి తేలిగ్గా ఆవిరయ్యేవి చాలావరకు పోతాయి కూడా. పోయేది వంటింటి గాలిలోకే కాబట్టి కిటికీ తెరవండి.

ఇక చేపలు. నిజం చెప్పాలంటే మెసేజ్‌లో కాస్త బుర్ర పెట్టిన వాక్యం ఇదొక్కటే. రసాయనాల విషతీవ్రతను ప్రయోగశాలల్లో చేపల మీదే 96 గంటలు పరీక్షిస్తారు. కాకపోతే తెలిసేది నాలుగు రోజుల్లో చంపేది ఏదో, అంతవరకే. పాదరసం నుంచి పుట్టే మిథైల్ మెర్క్యురీ అనే విషం చిన్న చేప నుంచి పెద్ద చేపకు పోగవుతూ పోతుంది. చేప హాయిగా ఈదుతూనే ఉంటుంది, దెబ్బ తగిలేది దాన్ని తిన్న గర్భిణి కడుపులోని బిడ్డ మెదడుకు. ఓడల అడుగున పూసే రంగుల్లో ట్రైబ్యూటైల్ టిన్ అనే విష రసాయనం వాడేవారు. అది లీటరుకు కొద్ది నానోగ్రాములుంటే చాలు, అంటే గ్రాములో వందకోట్లో వంతులు, కొన్ని జాతుల ఆడ సముద్రపు నత్తలకు మగ అవయవం పెరిగి గుడ్లు బయటికి వచ్చే దారి మూసుకుపోయింది. ఆ రంగులపై అంతర్జాతీయ నిషేధం 2008లో అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా ఆ నీళ్లలోనూ చేపలు బతికే ఉన్నాయి.