గాజు పళ్లెంలో కణం, సెలూన్‌లో మనిషి

జుట్టు రంగులోని రసాయనాన్ని చర్మ క్యాన్సర్ కణాలపై పరీక్షించారని వార్త వస్తే చాలు, తెల్లారేసరికి ఫోన్లలో అది రెండు రకాలుగా తిరుగుతుంది. డై వేసుకుంటే క్యాన్సర్ ఖాయమని ఒకటి, డైలోనే క్యాన్సర్‌కు మందు దొరికిందని ఇంకొకటి. రెండింటినీ నమ్మవద్దని పాఠకులను కోరుతున్నాం. గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద ఘాటు రసాయనం ఏది పోసినా కణాలు చావడమో, మారడమో జరుగుతుంది. మనిషి ఒంట్లోకి అది ఎంత పోయింది, ఏ దారిన పోయింది, ఎన్నేళ్లు పోయింది అన్నది వేరే లెక్క.

అలాగని కొట్టిపారేసే సంగతీ కాదిది. నల్ల రంగుకు మూలం పారా ఫినైలీన్ డయమిన్, పొట్టిగా పీపీడీ. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిపి పూస్తే వెంట్రుక లోపలికి దూరి, అక్కడే పెద్ద అణువులుగా మారి నల్లబడుతుంది. ఎన్ని తలస్నానాలు చేసినా పోనిది అందుకే. 1975లో అమెరికాలో శాస్త్రవేత్త బ్రూస్ ఏమ్స్ బృందం ఈ తరహా రంగులు 169 తీసుకుని బ్యాక్టీరియాపై పరీక్షిస్తే, వాటిలో 150 రంగులు ఆ బ్యాక్టీరియాలో జన్యుమార్పులు కలిగించాయి. ఆ తర్వాత కంపెనీలు కొన్ని పదార్థాలు మార్చుకున్నాయి. 1,17,200 మంది అమెరికన్ నర్సులను 36 ఏళ్లపాటు గమనించిన అధ్యయనం 2020లో వచ్చింది. సొంతానికి శాశ్వత రంగు వేసుకున్నవారిలో చాలా క్యాన్సర్ల ముప్పు పెరగలేదని తేల్చింది. చర్మానికి వచ్చే బేసల్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్, అండాశయ క్యాన్సర్, కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్లు మాత్రం కాస్త ఎక్కువగా కనిపించాయి. వారిలో దాదాపు అందరూ తెల్లజాతి మహిళలే కనుక ఆ లెక్కను ఉన్నదున్నట్టు మనకు అంటగట్టలేం.

మా ఆందోళన రంగు వేయించుకునేవారి కంటే వేసేవారి గురించి. ఆదివారం పొద్దున ఏ చిన్న సెలూన్‌లోకైనా వెళ్లి చూడండి. ప్లాస్టిక్ గిన్నెలో డై కలిపి బ్రష్‌తో పూస్తూ, చెవి మీద పడిన చుక్కను ఒట్టి బొటనవేలితో తుడిచేస్తుంటారు. ఆ గోళ్ల చుట్టూ నలుపు వారమంతా వదలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2008లో తేడా చూపింది ఇక్కడే. సొంత వాడకంపై తేల్చడానికి ఆధారాలు చాలవన్న ఆ సంస్థే, క్షౌరవృత్తిలో ఉన్నవారికి క్యాన్సర్ ముప్పు ఉండే అవకాశం బలంగా ఉందని వర్గీకరించింది. వారిలో మూత్రాశయ క్యాన్సర్ ఎక్కువగా కనబడటమే అందుకు కారణం.

నల్ల హెన్నా పేరుతో అమ్మే పొడులది మరో మోసం. అసలు గోరింటాకు ఎర్రగానే పండుతుంది; నలుపు వస్తోందంటే అందులో ఇంకేదో కలిసినట్టే, చాలాసార్లు అది పీపీడీయే. ఐరోపాలో తలకు పూసే మిశ్రమంలో పీపీడీ 2 శాతం మించకూడదు. మన ప్యాకెట్ మీద ఆ పేరు చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే చదివేదెవరు? పీపీడీ ఉందన్న మాట, 48 గంటల ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి ఒంటికి పడుతుందో లేదో చూసుకోవాలన్న హెచ్చరిక తెలుగులో పెద్దగా అచ్చువేయించాలి. సెలూన్లకు అమ్మే ప్రతి డబ్బాతోపాటు చేతి తొడుగులు ఇచ్చే బాధ్యతను కంపెనీలపైనే పెట్టాలి.